ఎగ్మూరు కొట్టులో కోరంగి ఓడ

అమరావతి శిల్పాల కోసం సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్లాను. వాటి సంగతి మరోసారి రాస్తాను. ఎగ్మూరు మ్యూజియం నుంచి స్టేషన్‌కి ఆటోవాళ్లు రెండొందలు అడిగేసరికి ఒళ్లు మండి నడక మొదలుపెట్టాను. దారిలో పక్కసందులో ఒక పాత సామాన్ల కొట్టు ఉంది.

విరిగిన కుర్చీలు, గ్రామఫోన్ల వెనక, గాజుపెట్టెలో మూరెడు పొడవు టేకు ఓడ. రెండు తెరచాప కొయ్యలు, పసుపుబారిన నూలు తెరచాపలు, దారమంత సన్నటి తాళ్లు. చుక్కాని ఇప్పటికీ తిరుగుతోంది. శాతవాహనుల సీసపు నాణేల మీదా ఇలాగే జంట కొయ్యల ఓడ ఉంటుంది. చీటీ మీద మాత్రం 'బ్రిటిష్ షిప్' అని రాసుంది.

"ఏ ఊరు బాబూ?" అన్నాడు కొట్టు పెద్దాయన, తెలుగులోనే. కాకినాడ అన్నాను.

"అయితే ఇది మీవైపుదే. చీటీ మావాడు రాశాడు, వాడికేం తెలుసు! రంగూన్ మీద బాంబులు పడ్డాక ఓడెక్కి వచ్చేసినవాళ్లు మా నాన్నకి అమ్మారు. వాళ్ల తాత కోరంగి ఓడల్లో సరంగుట."

ఆ మాట విన్నాక అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. మా కాకినాడ పక్కనే ఉన్న పాత రేవు కోరంగిలో కట్టిన ఓడలు బంగాళాఖాతం దాటి వెళ్లేవి. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1789 డిసెంబరు తుఫానులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి ఊరి మీద పడ్డాయి. తేరుకున్న ఊరిని 1839 నవంబరు ఉప్పెన మళ్లీ ఊడ్చేసింది. ఆపైన గోదావరి ఒండ్రు మేటవేసి రేవు పూడిపోయింది, వ్యాపారం కాకినాడకు తరలిపోయింది.

ఇప్పుడు ఆదివారమైతే జనం కోరంగి వెళ్లి మడ అడవుల్లో చెక్కబాట మీద ఫోటోలు దిగి వచ్చేస్తారు. ఇక్కడ ఓడలు కట్టేవారని పిల్లలకు చెప్పేవాళ్లు ఎంతమంది? చూపిద్దామంటే ఇలాంటి బొమ్మయినా మన దగ్గర ఉండొద్దూ! నాకు నిజంగా బాధేసింది.

ధర నలభై అయిదు వేలు. ఎంత బతిమాలినా రూపాయి తగ్గలేదు. అయితే పెద్దాయన గాజుపెట్టె తీసి, టేపు చేతికిచ్చి, "కొలుచుకో బాబూ" అన్నాడు. కొయ్యల ఎత్తు, అడుగుభాగం వెడల్పు, తాళ్ల ముడులు, అన్నీ రాసుకున్నాను, నాలుగువైపులా ఫోటోలు తీశాను. తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే వడ్రంగుల దగ్గరికి ఈ వారమే వెళ్లాలి. ఇంతదాన్ని కట్టడానికి ఎంత అడుగుతారో చూడాలి.