మెడ మీది గీత

మొదటి విడత ఎడిటింగ్ అయి ఫొటోలు చేతికొచ్చిన రోజు, పద్దెనిమిదీ వరసగా చూసుకుంటూ పోయి ఏడోదాని దగ్గర ఆగిపోయాను. కిటికీ పక్కన క్రీమ్ రంగు శాటిన్ గౌనులో కూర్చుని, తల కాస్త వెనక్కి వాల్చిన ఫొటో అది. చాలా బాగుంది. కానీ నా మెడ మీద గీత లేదు.

నిరుడు నాకు థైరాయిడ్ గడ్డ తీశారు. గొంతు గుంతకు కాస్త పైన, అడ్డంగా నాలుగు వేళ్ల పొడవున కోత. గడ్డను పరీక్షకు పంపి, రిపోర్టు వచ్చేదాకా తొమ్మిది రోజులు మా ఇంట్లో ఎవరూ కుదురుగా అన్నం తిన్నది లేదు. చెడ్డదేమీ కాదని తేలితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. మాలో ఆడవాళ్లు ఎక్కువమంది మూడు కత్తెరలు ఇచ్చి వచ్చేస్తారు. నేను మొక్కింది పూర్తిగా, కొండమీద కల్యాణకట్టలో ఇచ్చింది కూడా పూర్తిగానే.

ఆ తర్వాత ఆరు నెలలకు, నలభై నిండబోతుండగా, ఈ ఫొటోలు తీయించుకోవాలనిపించింది. వీటిని బూద్వార్ ఫొటోలంటారు. బూద్వార్ అనేది ఫ్రెంచి మాట, ఆడవాళ్ల సొంత గది అని అర్థం. ఆ గదిలో తను తనలా ఉన్నప్పటి ఫొటోలు ఇవి. ఒంటి మీద ఏం ఉండాలి, ఎంత ఉండాలి అన్నది పూర్తిగా మన ఇష్టం. నావి మూడు రకాలు: శాటిన్ గౌను, మా ఆయన తెల్ల చొక్కా, రవిక లేకుండా పాతకాలం కట్టులో మా అమ్మ పెళ్లి చీర. తీసింది తిరుపతిలో బైరాగిపట్టెడ దగ్గర ఇంట్లోనే రెండు గదుల్లో స్టూడియో నడుపుకునే అమ్మాయి. గర్భిణుల ఫొటోలు, పసిపిల్లల ఫొటోలు ఎక్కువ తీస్తుంది.

మా ఆయనకు చెప్పినప్పుడు, "నీ కోసమా, నా కోసమా?" అని అడిగాడు. నా కోసమే అన్నాను. "అయితే సెలక్షన్‌కి నన్ను కూర్చోబెట్టొద్దు. నువ్వే చూసుకో" అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

సెలక్షన్ గురించి ఒక్క మాట. రెండొందల నలభై ఫొటోలు, మీద స్టూడియో గుర్తు అడ్డంగా పడి ఉన్నవి, ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చూపించింది. "ఈరోజు ఊరికే చూడక్కా, ఏదీ ఎంచొద్దు" అంది. అదెందుకో ఇంటికొచ్చాక అర్థమైంది. మొదటిసారి చూసినప్పుడు పొట్ట మడతలు, నల్లటి మోచేతులు తప్ప ఇంకేమీ కళ్లకు ఆనలేదు. రెండు రోజులాగి మళ్లీ కూర్చుంటే అవే ఫొటోల్లో మనిషి కనిపించింది. ముందు ముప్పై ఒకటి పక్కన పెట్టి, ఒకేలా ఉన్నవాటిని జతలుగా తెరిచి, కళ్లలో ప్రాణం ఉన్నదాన్ని ఉంచి రెండోది తీసేస్తూ పద్దెనిమిదికి తెచ్చాను.

అలా ఇష్టంగా ఎంచుకున్న ఫొటోల్లో మెడ నున్నగా కనిపించేసరికి మనసు చివుక్కుమంది. ఫోన్ చేశాను.

"అందరూ తీసెయ్యమనే అంటారు గదక్కా, అందుకే అడక్కుండా తీసేశా."

ఆ అమ్మాయిని తప్పు పట్టలేను. పెళ్లి ఆల్బమ్‌లతో మన దగ్గర ఎడిటింగ్‌కు ఒక అలవాటు పడిపోయింది. పెళ్లికూతురు రంగు రెండు ఛాయలు తేలాలి, చర్మం గాజులా మెరవాలి, నడుము సన్నబడాలి. అడిగినా అడక్కపోయినా చెయ్యి అటే పోతుంది. నా ఫొటోల్లోనూ అదే జరిగింది. చామనఛాయగా ఉండేదాన్ని గోధుమరంగుకు వచ్చేశాను. ఇక జుట్టు. గుండు తర్వాత ఆరు నెలలకు నాకు మూడంగుళాలు పెరిగింది, కణతల దగ్గర ఇంకా పలచగానే ఉండేది. అక్కడ కొత్త వెంట్రుకలు గీసి ఒత్తుగా చేసి పెట్టింది. పదకొండో ఫొటోలో నడుమును లోపలికి నెట్టింది. అది నేను కనిపెట్టింది నడుమును చూసి కాదు, వెనక కిటికీ ఊచను చూసి. పైనా కిందా తిన్నగా ఉన్న ఊచ, సరిగ్గా నా నడుము దగ్గరికి వచ్చేసరికి విల్లులా వంగింది. ఒంటిని లాగే పనిముట్టు పక్కనున్న గోడనూ తలుపునూ కూడా కలిపి లాగేస్తుందట. రీటచ్ చేసిన ఫొటో చేతికొస్తే ముందు వెనకాల ఉన్న తిన్నటి గీతలు చూడండి.

మర్నాడు స్టూడియోకు వెళ్లి పక్కనే కూర్చున్నాను. ఫొటోషాప్‌లో తను చేసిన ప్రతి మార్పూ పొరలు పొరలుగా విడివిడిగా ఉంచింది. అసలు ఫొటో అడుగున అలాగే భద్రంగా ఉంది. ఏడో నంబరు తెరిచి, పొరల వరసలో ఒకదాని పక్కనున్న కన్ను గుర్తు మీద నొక్కింది. నా గీత తిరిగి వచ్చింది. కొంచెం గులాబి రంగులో, ఎడమ చివర కాస్త పైకి లేచి, అద్దంలో రోజూ చూసేదే. గొంతు పట్టేసింది. ఆ అమ్మాయి కూడా కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందే అడగాల్సిందక్కా" అంది.

అక్కడే ఇద్దరం ఒక లెక్కకు వచ్చాం. ఆరోజు వచ్చి ఆరోజే పోయేవి తీసెయ్యాలి: భుజం మీద ఎలాస్టిక్ ఒత్తుకున్న ఎర్ర గీత, ముంజేతి మీద రెండు దోమకాట్లు, గడ్డం మీద మొటిమ, గోడకు స్విచ్‌బోర్డు. నాతో ఉండేవి ఉండాలి: మెడ గీత, కాన్పు తర్వాత పొట్ట మీద మిగిలిన చారలు, కణతల దగ్గర పలచన, నా రంగు. ఒక్కదానికి మాత్రం ఈ లెక్క తప్పాను. కళ్ల కింది నలుపును సగానికి తగ్గించమన్నాను. ఆ నలుపు ఆ ఏడాది నిద్రలేని రాత్రులది, దాన్ని అంత స్పష్టంగా చూసుకోవాలని నాకు లేదు. పూర్తిగా తీస్తే ముఖం బొమ్మలా అయిపోయింది, సగం దగ్గర బాగా కుదిరింది.

చర్మం సంగతి కూడా అప్పుడే తెలిసింది. రంగు ఒక పొరలో, చర్మం మీది సన్నటి గరుకు ఇంకో పొరలో విడదీసి, మచ్చల రంగును మాత్రమే సరిచేసే పద్ధతి ఉంది. గరుకును ముట్టుకోకపోతే చర్మం చర్మంలాగే ఉంటుంది. రెండూ కలిపి నునుపు చేస్తే ప్లాస్టిక్ అవుతుంది. మోకాళ్ల దగ్గర నాకు అలాగే అయింది, చెప్పి సరిచేయించుకున్నాను.

రెండో విడతకు మార్పులు కాగితం మీద రాసిచ్చాను. "ఏదోలా ఉంది" అంటే ఎడిట్ చేసేవాళ్లకు ఏమీ తెలియదు. "పదకొండు: నడుము మామూలుగా, ఊచ తిన్నగా. పద్నాలుగు: చేతి రంగు, ముఖం రంగు ఒకటిగా" అని రాస్తే పని ఒక్కసారిలో అయిపోతుంది. మారిన ఫొటోలు రాత్రి పది గంటలకు ఫోన్‌లో చూస్తే అన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. కోపంగా మెసేజ్ సగం రాసి, ఎందుకో ఆగాను. తెల్లారి ల్యాప్‌టాప్‌లో చూస్తే రంగులు చక్కగా ఉన్నాయి. రాత్రిపూట కళ్లకు శ్రమ లేకుండా ఫోన్ తెరను పసుపు చేసే సెట్టింగు నాది ఆన్‌లో ఉండిపోయింది.

ఇక ఎవరెవరు చూస్తారన్న ప్రశ్న. ఇది డబ్బు కట్టకముందే అడగాలి, నేను అడిగాను. పెళ్లి ఆల్బమ్‌లైతే చాలా స్టూడియోలు బయట డిజైనర్లకు పంపేస్తాయి, తర్వాత ప్రింటుకు ల్యాబ్‌కు పోతాయి. నావి తనే ఎడిట్ చేస్తానంది. ఫొటోలను పుస్తకంలా అచ్చువేసి ఇచ్చే కరిజ్మా ఆల్బమ్ వద్దనుకున్నాం, అది ల్యాబ్‌లో పదిమంది చేతుల్లో పడుతుంది. స్టూడియోలోని ప్రింటర్ మీదే మ్యాట్ కాగితం మీద పద్దెనిమిది ప్రింట్లు తీసి పెట్టెలో పెట్టి ఇచ్చేలా మాట్లాడుకున్నాం. ముందు ఒకటి తీసి చూస్తే ముదురుగా వచ్చింది. తెర వెనక వెలుగు ఉంటుంది, కాగితానికి ఉండదు కదా. కొంచెం వెలుగు పెంచి మళ్లీ తీసింది.

ఒప్పందం కాగితాన్ని వకీలైన మా పిన్ని కూతురికి చూపించాను. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు అని చెప్పింది. కాగితంలో "ప్రచారానికి వాడుకోవచ్చు" అన్న ముక్కను కొట్టేయించింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి ఏకాంతపు ఫొటో తీయడానికి ఒప్పుకున్నంత మాత్రాన పంచడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఒప్పుకోకుండా బయటపెడితే అది నేరమే, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. తీయించుకోవాలని ఉండి భయపడుతున్న ప్రతి ఆడమనిషికీ ఇది తెలియాలి.

ఫైళ్లు వాట్సాప్‌లో వద్దన్నాను. నా ఫోన్ గ్యాలరీ గూగుల్ ఫొటోస్‌కు ఎక్కుతుంది, అదే అకౌంట్ మా అబ్బాయి ట్యాబ్‌లోనూ ఉంది. పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నాను. అన్నీ సరిగా తెరుచుకుంటున్నాయని అక్కడే చూసుకున్నాక, ఎంచుకోని ఫొటోలనూ మెమరీ కార్డునూ రీసైకిల్ బిన్‌నూ నా ఎదుటే ఖాళీ చేసింది. బ్యాకప్ హార్డ్‌డిస్క్ కూడా ఉందని తనే గుర్తు చేసి, దాంట్లోవీ తీసేసింది.

పెట్టె ఇంటికొచ్చిన మర్నాడు, మా ఆయన చూశాక, అమ్మకు ఒక్క ఫొటో చూపించాను. తన పెళ్లి చీరలో ఉన్నది. చూసి అరుస్తుందేమో అనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని వెలుతురులోకి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. ఫొటోలో నా మెడ దగ్గర వేలితో మెల్లగా రాసి, "బాగా మానింది మా" అంది.