హిల్డెబ్రాండ్ కడియాలు, బాపు తెచ్చిన వాచీ

ఆదివారం. జర్మనీలోని కాసెల్‌లో పొద్దుటి నుంచి ముసురు. బట్టలు మెషీన్‌లో వేసి, పొయ్యి మీద అన్నం పెట్టి, ఎన్నాళ్ళుగానో చదవాలనుకుంటున్న హిల్డెబ్రాండ్ పాట అనే పాత జర్మన్ వీరగాథ తీశాను. దాని రాతప్రతి ఈ ఊరి లైబ్రరీలోనే ఉంది. 9వ శతాబ్దంలో ఇద్దరు లేఖకులు ఒక మతగ్రంథం మొదట్లో, చివర్లో ఖాళీగా ఉన్న పేజీల మీద రాసిపెట్టారు. 1945లో యుద్ధం ముగిసేటప్పుడు ఆ ప్రతి మాయమైంది. ఒక ఆకు 1955లో, ఇంకో ఆకు 1972లో అమెరికా నుంచి ఇల్లు చేరాయి. స్కాన్‌లో చూస్తే అక్షరాలు ఇరుకిరుకుగా ఉన్నాయి. 68 పాదాలకే చోటు అయిపోయింది, కథ మధ్యలోనే ఆగింది.

ఒడోయకర్ అనే రాజు పగకు జడిసి హిల్డెబ్రాండ్ తన దొర డీట్రిష్ వెంట తూర్పుకు వెళ్ళిపోతాడు. ఇంట్లో భార్య, పసివాడు. ముప్పై ఏళ్ళ తర్వాత రెండు సైన్యాల నడుమ ఎదురుపడ్డ కుర్రవాడు ఆ పసివాడే, హాడుబ్రాండ్. మీ నాన్న ఎవరని పెద్దాయనే అడుగుతాడు. కొడుకు గర్వంగా చెప్తాడు: మా నాన్న హిల్డెబ్రాండ్, ఎప్పుడూ సైన్యానికి ముందుండేవాడు, ఇప్పుడు బతికి ఉన్నాడనుకోను.

తండ్రి తన చేతికున్న మెలికల బంగారు కడియాలు తీసి, ప్రేమతో ఇస్తున్నాను తీసుకో అంటాడు. అవి హూణుల రాజు ఇచ్చినవి. కానుకను ఈటె మొనతోనే అందుకోవాలంటాడు కొడుకు. నువ్వు జిత్తులమారి ముసలి హూణుడివంటాడు. ఆ పరాయి దేశపు బంగారమే తండ్రిని పరాయివాణ్ణి చేసిందని నాకు అనిపించింది. అన్నం మాడు వాసన వచ్చేదాకా అక్కడి నుంచి లేవలేకపోయాను.

బాపు మస్కట్ వెళ్ళినప్పుడు నేను నెలల పిల్లాణ్ణి. మొదటిసారి తిరిగొచ్చేసరికి ఐదేళ్ళు. అత్తరు వాసన, తాళ్ళతో కట్టిన పెద్ద అట్టపెట్టె గుర్తున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని బంగారు రంగు వాచీ నా ముందు చాపాడు. నేను అమ్మ కొంగు వెనక దాక్కుని "అమ్మా, గీ మామ ఎప్పుడు పోతడు?" అని అడిగానట. ఆ మాట నాకు గుర్తు లేదు. అట్లాగే చాపి ఉన్న ఆ చెయ్యి మాత్రం గుర్తుంది.

పాటలో ఈటెలు విసురుకుంటారు, డాళ్ళు ముక్కలయ్యేదాకా నరుక్కుంటారు, అంతే. 15వ శతాబ్దపు పాటలో మాత్రం తండ్రీకొడుకులు ఒకరినొకరు గుర్తుపట్టి, కలిసి అమ్మ దగ్గరికి వెళ్తారు. నార్స్ (పాత స్కాండినేవియా) కథలో హిల్డెబ్రాండ్ కొడుకును చంపానని తలుచుకుంటూ చనిపోతాడు. ఆ పాత పాట ఇటు కాకుండా, అటు కాకుండా వదిలేసినందుకే నన్ను ఇంకా వదలడం లేదు.

బట్టలు ఆరేసి జగిత్యాలకు ఫోన్ చేశాను.

"బాపూ, అప్పుడు నాకు తెచ్చిన వాచీ ఉందా?"

"బీరువల ఉన్నది బిడ్డా. నడుస్తలేదు. నువ్వచ్చినప్పుడు సెల్లు ఏపిద్దాం. తిన్నవా?"