గదితో పాటు చిత్రప్రదర్శన టిక్కెట్టు

పెద్ద హోటళ్ళు గది అద్దెలోనే ఉదయపు ఫలహారాన్ని, మధ్యాహ్నం దాకా గది ఖాళీ చేయకుండా ఉండే వెసులుబాటును కలిపి అమ్మడం మనకు తెలిసినదే. ఐరోపా, అమెరికా నగరాలలో వీటికి తోడుగా ఆ ఊరి మ్యూజియంలో జరుగుతున్న చిత్రప్రదర్శనకు ప్రవేశ టిక్కెట్లను కూడా చేర్చి ప్యాకేజీగా అమ్ముతారు. చూడగానే ఆ టిక్కెట్టు కొసరులా కనిపిస్తుంది. నా ఉద్దేశంలో మాత్రం అక్కడ కొసరే అసలు.

2023లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో జరిగిన వెర్మీర్ ప్రదర్శనే ఇందుకు ఉదాహరణ. పదిహేడవ శతాబ్దానికి చెందిన ఆ డచ్చి చిత్రకారుడివిగా నేడు గుర్తిస్తున్న చిత్రాలు నలభై కూడా లేవు. తమ దగ్గర ఉన్నవాటికి వేర్వేరు దేశాల నుండి అరువు తెచ్చినవి కలిపి, మొత్తం 28 చిత్రాలతో ఫిబ్రవరి 10 నుండి జూన్ 4 వరకు ప్రదర్శన నడిపారు. చిత్రాలు చిన్నవి కావడం వలన, వాటి ముందు జనం గుమిగూడితే ఎవరికీ ఏమీ కనిపించదు కనుక, ప్రవేశానికి వేళలు నిర్ణయించి టిక్కెట్లు అమ్మారు. ప్రదర్శన మొదలైన కొద్ది రోజులకే ఆ టిక్కెట్లన్నీ అయిపోయాయి. ఆ దేశంలోనే ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కూతురు అప్పుడు ఫోన్ చేసి, "పెద్దమ్మా, టిక్కెట్లు హోటల్ వాళ్ళ దగ్గరే మిగిలాయట. గది తీసుకుంటేనే ఇస్తామంటున్నారు" అని వాపోయింది. తన ఇంటి నుండి ఆమ్‌స్టర్‌డామ్‌కు రైలులో గంట ప్రయాణమే అయినప్పటికీ, ఆ అమ్మాయి టిక్కెట్టు కోసం ఒక రాత్రి గదిని కొనుక్కుంది. హోటల్ వారు పంపిన కాగితంలో పట్టు పరుపుల గురించి, కాలువ వైపు కిటికీ గురించి పెద్ద పెద్ద అక్షరాలు ఉన్నాయి. ఆ అమ్మాయికి పనికివచ్చిన సంగతి మాత్రం అడుగున చిన్న అక్షరాలలో ఉన్న ప్రవేశ వేళ ఒక్కటే.

ఇటువంటి ప్యాకేజీ కొనేవారు ముందుగా చేయవలసిన లెక్క ఒకటున్నది. అదే హోటల్‌లో, అదే తేదీకి, టిక్కెట్టు లేకుండా గది ఎంతకు వస్తుందో చూసి, దానికి మ్యూజియం వారి టిక్కెట్టు ధరను కలిపి, ఆ మొత్తాన్ని ప్యాకేజీ ధరలోంచి తీసివేస్తే మిగిలేదే మీరు నిజంగా చెల్లిస్తున్న అదనం. టిక్కెట్లు బయట దొరుకుతున్నప్పుడు ఆ అదనానికి అర్థం లేదు. టిక్కెట్టుపై వేళ వేసి ఉన్నదా, ప్రయాణం మానుకుంటే సొమ్ము తిరిగి వస్తుందా అన్నది కూడా రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా, మీరు చూడదలచిన చిత్రం ఆ తేదీన గోడ మీద ఉంటుందో లేదో కనుక్కోవాలి. వెర్మీర్ చిత్రాలలో అన్నిటికన్నా ఎక్కువ పేరున్న 'ముత్యపు లోలకు అమ్మాయి' మార్చి నెలాఖరుకే హేగ్ నగరంలోని తన మ్యూజియానికి తిరిగి వెళ్ళిపోయింది. ఏప్రిల్‌లోనో మే నెలలోనో ఖరీదైన గది తీసుకుని ఆ పిల్ల కోసమే వెళ్ళిన వారికి మిగతా చిత్రాలు చూసి సంతృప్తి పడక తప్పలేదు.

జపాన్‌లోని నవోషిమా దీవిది వేరే పద్ధతి. వాస్తుశిల్పి తదావో ఆండో రూపకల్పన చేయగా 1992లో తెరిచిన బెనెస్సే హౌస్‌లో మ్యూజియం, హోటల్ ఒకటే. కొండపైన ఉన్న ఓవల్ అనే భాగానికి చిన్న మోనోరైలులో వెళ్ళాలి, అందులోకి బస చేసినవారికే ప్రవేశం. అక్కడ గది కొన్నవారు కళాకృతుల నడుమ నిద్రిస్తారు కనుక, ఆ ధరలో నాకు కొంత న్యాయం కనిపిస్తుంది.

ఇక మన గోదావరి డెల్టా సంగతికి వస్తాను. దిండిలో రిసార్టులు ఉన్నాయి, హౌస్‌బోట్లు ఉన్నాయి. సంక్రాంతికి భీమవరంలో, అమలాపురంలో గదులు దొరకడం ఎంత కష్టమో, ఆ మూడు రోజులకు అద్దె ఎక్కడికి పోతుందో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కూడేది ఆ ఒక్క రోజే కాబట్టి, బంధువులు లేనివారు గది కోసం ఎంతైనా ఇస్తారు. అంటే తేదీని అమ్ముకునే విద్య మన హోటళ్ళకు బాగానే వచ్చు. లేనిదల్లా తేదీ కలిగిన చిత్రప్రదర్శన.

చిత్రాలు లేక కాదు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాల ఉన్నది. 1897లో ఆ ఊళ్ళోనే పుట్టి, కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూలులో చదివి, 1923లో ఊళ్ళో చిత్రకళాశాలను నెలకొల్పి, 1925లో మశూచితో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే కన్నుమూసిన మనిషి ఆయన. చెలులు ఒక యువతిని పూలతో ముస్తాబు చేస్తున్న 'పుష్పాలంకరణ' ముందు నేను ఎంతసేపు నిలబడినా వెనుకనుండి జరగమన్నవారు లేరు. వెర్మీర్ ముందు మా అమ్మాయికి దక్కనిది అదే. కానీ ఎప్పుడు వెళ్ళినా చూడవచ్చు అనుకునే చోటికి ఎవరూ ఎప్పుడూ వెళ్ళరు. పాపికొండల పడవకు ఉదయాన్నే లేచే పర్యాటకుడికి, తాను బస చేసిన హోటల్ కౌంటరు దగ్గర ఈ చిత్రశాల పేరైనా వినిపించడం నేను చూడలేదు.

కాబట్టి హోటళ్ళను నిందించి ప్రయోజనం లేదు, ముందు కదలవలసింది ప్రదర్శన నిర్వహించగలిగిన వారు. దామెర్ల చిత్రాలతో పాటు ఆయన సహచరులవి, శిష్యులవి ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, అరువు తెచ్చి, రెండు నెలలపాటు ఒకచోట ఉంచగలిగితే అది తేదీ కలిగిన ప్రదర్శన అవుతుంది. నీటిరంగుల బొమ్మలకు ఎండ, తేమ రెండూ శత్రువులే; మన గాలిలో తేమ ఎంతో తెలిసినవారు గోడకు మేకు కొట్టేముందే ఆ ఏర్పాటు చూసుకోవాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, హోటళ్ళు ఎలాగూ ప్యాకేజీలు వేస్తాయి. ఆ కాగితంలో స్నానఘట్టానికి కారు, పూజకు పురోహితుడు అన్న వరుస కింద, జనం తగ్గిన వేళ చిత్రశాలలో ఒక గంట, బొమ్మల గురించి చెప్పగల మనిషి ఒకరు అని మరో వరుస చేర్చి, దానికి విడిగా ధర కట్టినా సరే, ఇచ్చేవారిలో నేను ఉంటాను.