బూమ్ కొసన కట్టిన తాడు

కెనరీ దీవుల్లో లాస్ పాల్మాస్ రేవు వదిలి ఆరు రోజులైంది. అక్కడి నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకి దాదాపు 2,700 నాటికల్ మైళ్లు. హరికేన్ల కాలం ముగిసే నవంబరు చివర్లో బయల్దేరాం. ‘వెన్న కరిగేదాకా దక్షిణానికి, ఆ తర్వాత పడమరకి’ అని పాత నావికుల మాట. మా గిన్నెలో వెన్న నూనెలా తేలిన రోజే పడమరకి తిరిగాం.

భీమిలి ఒడ్డున తెరచాప పడవలు చూస్తూ పెరిగిన నాకు వాలుగాలి అంటే హాయి అనే తెలుసు. నలభై అడుగుల పడవ మీద అది భయం కూడా. ఈశాన్యపు వ్యాపార పవనం వెనక కుడివైపు నుంచి తోస్తోంది, మెయిన్ తెరచాప ఎడమకి పూర్తిగా తెరిచి ఉంది. దాని కింది అంచుని పట్టి ఉంచే అల్యూమినియం దూలమే బూమ్. పడవ కాస్త దారి తప్పి గాలి తెరచాపకి అవతలి పక్క తగిలిందా, ఆ దూలం ఒక్క విసురుతో ఇటు వచ్చేస్తుంది. అడ్డంగా తల ఉంటే అంతే.

దాన్ని ఆపే తాడు ప్రివెంటర్. నేను బూమ్ మధ్యలో కట్టి, పక్కనే డెక్ మీద బిగించేశాను. కెప్టెన్ పెద్దాయన వచ్చి విప్పించాడు.

“మధ్యలో కడితే బూమ్ అక్కడే విరుగుతుంది. కొసన కట్టు, ముందుకి లాగు.”

కానీ కొస నీళ్ల మీద వేలాడుతోంది కదా! అందుకే ముందు బూమ్‌ని లోపలికి లాక్కున్నాం. కొసన తాడు ముడేసి, స్తంభాన్ని పట్టి ఉంచే తీగల బయటి నుంచి పడవ ముక్కు దాకా తీసుకెళ్లి, అక్కడి కప్పీలోంచి తిప్పి, డెక్ వెంబడి వెనక్కి చుక్కాని దగ్గరి వించ్‌కి, అంటే తాడు చుట్టి బిగించే మరకి, తెచ్చాం. మళ్లీ బూమ్‌ని వదులుతూ తాడు బిగించాం. తాడు చివరని వెనక్కి తేవడంలోనే అసలు కిటుకు ఉందని నాకనిపిస్తుంది. బూమ్ నీళ్లలో మునిగినా, తెరచాప తిరగబడినా, చీకట్లో ముందుకి పరుగెత్తకుండా కూర్చున్నచోటి నుంచే సడలించవచ్చు.

ఆ రాత్రి రెండింటికి చుక్కాని నా చేతిలో ఉంది. నల్లమబ్బు కమ్మి గాలి ఒక్కసారి పెరిగింది. పెద్ద అల వెనక భాగాన్ని ఎత్తి పడవని ఎడమకి తిప్పేసింది. తెరచాప తిరగబడి ఫట్‌మని కొట్టుకుంది. గుండె ఆగినంత పనైంది. టార్చ్ వేస్తే తాడు కర్రలా బిగిసిపోయి, పిండినట్టు దాంట్లోంచి నీటిచుక్కలు రాలుతున్నాయి. బూమ్ మాత్రం కదల్లేదు. చుక్కాని కుడికి తిప్పి పట్టుకున్నాను. పడవ నెమ్మదిగా దారికొచ్చింది, తెరచాప మళ్లీ నిండింది.

తెల్లారాక కెప్టెన్, నేను ముక్కు దాకా వెళ్లి చూశాం. కప్పీలో ఒరుసుకున్న చోట తాడు పైపోగులు నూగులా లేచాయి. ఆయన వేళ్లతో తడిమి చూసి, ఆ చోటు మళ్లీ కప్పీలో పడకుండా తాడుని జానెడు జరిపించాడు. ఇకమీదట రోజూ పొద్దున్నే ఆ పని నాదేనన్నాడు.