సెల్లార్‌లో నీళ్లు, గోడ మీద మీటర్లు

2025 మే 18, ఆదివారం రాత్రి. మేముండేది బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో, కాస్త పల్లంగా ఉన్న వీధిలో. మెరుపు కనబడగానే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. మూడు సెకన్లకు కిలోమీటరు దూరం. ముప్పైలోపు ఉరుము వినబడిందంటే పిడుగు మన మీద కూడా పడొచ్చు, లోపలికి వచ్చేయాలి. ఆ రాత్రి ఆరు కూడా లెక్కపెట్టలేకపోయాను. బాల్కనీ తలుపు మూసి టీవీ, వైఫై, ఫ్రిజ్ ప్లగ్గులు పీకేశాను.

అర్ధరాత్రి దాటాక వాచ్‌మన్ అన్న ఫోన్. వాళ్లది అనంతపురం వైపు. "సార్, మోరీ నీళ్లు ఎనక్కి వస్తాండాయి. ఛాంబర్ మూత లేస్తాంది."

టార్చ్ పట్టుకుని మెట్లు దిగాను. వీధి నీళ్లు ర్యాంపు మీదుగా పారుతున్నాయి, అది అనుకున్నదే. అనుకోనిది రెండోది. సెల్లార్ మూలన ఉన్న ఛాంబర్ ఇనుప మూత అన్నం గిన్నె మీద మూతలా ఎగిరెగిరి పడుతోంది, కింది నుంచి నల్లటి నీళ్లు ఉబుకుతున్నాయి. రాజకాలువ, అంటే ఊళ్లోని వాన నీళ్లను మోసుకెళ్లే పెద్ద కాలువ, నిండిపోతే వీధి మోరీల నీళ్లకు పోవడానికి దారుండదు, పల్లంలో ఉన్న ఇళ్లలోకి తన్నుకొస్తాయి. చెరువుల గొలుసు మీద కట్టుకున్న ఊరు ఇది, నీళ్లకు పాత దారి గుర్తుంది.

మా మీటర్ బోర్డు ఉన్నది ఆ సెల్లార్ గోడకే. నేను చూసేసరికి నీళ్లు కింది వరుస మీటర్లకు జానెడు దూరంలో ఉన్నాయి. ఎదురుగా వాచ్‌మన్ అక్క, మోకాళ్ల కింది దాకా నీళ్లలో, నెత్తిన బియ్యం మూట, చంకలో చిన్నవాడు. నా గుండె జారిపోయింది. "అక్కా, బోర్డు వైపు రావద్దు! వెనక మెట్ల మీదుగా ఎక్కేయండి" అని అరిచాను. అన్నతో సహా ముగ్గురూ పైకొచ్చాక గానీ నాకు ఊపిరాడలేదు.

మూడో అంతస్తు అంకుల్ మెయిన్ ఆఫ్ చేసి వస్తానని ప్యాంటు మడుస్తున్నారు. చెయ్యి పట్టుకుని ఆపాను. మెయిన్ దగ్గరికి వెళ్లాలంటే ఆ నీళ్లలో దిగాల్సిందే, ఆ నీళ్లలో కరెంటు ఉందో లేదో చూస్తే తెలియదు. కరెంటు వాళ్ల హెల్ప్‌లైన్ 1912కి ఫోన్ చేసి, మీటర్లు మునుగుతున్నాయి, మా లైను బయటే తీసేయండని చెప్పాం. ఈలోపు లిఫ్టును పై అంతస్తుకు పంపి అక్కడి ప్యానెల్‌లోనే ఆపేశాం.

కరెంటు పోయింది. హమ్మయ్య అనుకున్నానో లేదో, సెల్లార్ లైట్లు మళ్లీ వెలిగాయి. గేటు పక్కన ఉన్న జనరేటర్! కరెంటు పోగానే దానంతటదే ఆన్ అయ్యే రకం. అంకుల్ పరుగెత్తి దాన్ని ఆఫ్ చేశారు. మీ అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఆటోలో ఉంటే దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో చీకటైనంత మాత్రాన నీళ్లలో కరెంటు లేనట్టు కాదు.

కార్ల సంగతి వదిలేశాం. ఒకరిద్దరు తీస్తామన్నారు గానీ, ఎదురుగా నీళ్లు దూకుతున్న ర్యాంపు మీద కారెక్కించడం నాకు సమ్మతం కాలేదు. రెండడుగుల నీళ్లకే కారు తేలిపోతుంది.

పొద్దున్నే అసలు టెన్షన్ మొదలైంది. నీళ్లు తోడేద్దాం, ఎవరింట్లోనో మోటారు ఉంది, వైరు పై నుంచి లాగుదాం అని అందరికీ ఆత్రం. ఇంట్లో నీళ్లు లేవు, ఆఫీసులకు వెళ్లాలి, కార్లు మునిగాయి. కోపాలు వచ్చాయి, మాటలు పడ్డాను. అయినా లైన్‌మన్ వచ్చి చూసి సరే అనేదాకా ఎవరూ దిగకూడదని పట్టుబట్టాను. కరెంటు మోటారు వద్దని డీజిల్ పంపు అద్దెకు తెచ్చి వీధిలోనే పెట్టించాం. దాని పొగ సెల్లార్‌లో నిండితే అదొక ప్రాణాంతకం. పైపు మాత్రమే లోపలికి.

సాయంత్రానికి నేల కనబడింది. రాత్రి వార్తల్లో చూశాం. మాకు దగ్గర్లోనే, బీటీఎం లేఅవుట్‌లో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీళ్లు మోటారుతో తోడుతుండగా షాక్ కొట్టి ఇద్దరు చనిపోయారు. అందులో ఒకరు పన్నెండేళ్ల బాబు. పొద్దున నాతో గొడవపడినాయన వచ్చి ఏమీ మాట్లాడకుండా కాసేపు మా ఇంట్లో కూర్చుని వెళ్లారు.

సంపులోకి మోరీ నీళ్లు దిగాయి కాబట్టి అదంతా తోడి, గోడలు రుద్ది, బ్లీచింగ్ పౌడర్ వేసి కడిగించాకే ట్యాంకర్ పోయించాం. అప్పటిదాకా తాగడానికీ వంటకీ క్యాన్ నీళ్లే.

తర్వాత మీటర్ బోర్డును గ్రౌండ్ ఫ్లోర్ గోడకు మార్పించాం. ఖర్చు ఎక్కువే అయింది, ఈసారి ఎవరూ కాదనలేదు. వాచ్‌మన్ అన్నావాళ్లు ఇప్పుడు సెల్లార్‌లో ఉండటం లేదు. పైన అసోసియేషన్ మీటింగులు జరిగే గది వాళ్లకిచ్చాం.