రక్తపింజర కాటు పడ్డాక

మా ఇల్లు ఇబ్రహీంపట్నం దాటాక పొలాల అంచున. వానాకాలం, పొద్దుగూకాక కట్టెల కుప్ప దగ్గర ఎడమ చీలమండ మీద కాటు పడింది. గోధుమ రంగు ఒళ్లు, గొలుసుల్లాగా మూడు వరుసల మచ్చలు, కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస. రక్తపింజరే.

"తాడు గట్టిగ కడత అన్నా" అన్నాడు పక్కింటి పిల్లగాడు. "వద్దు తమ్మీ" అన్నాను. పింజర విషం కండను కుళ్లబెడుతుంది. తాడు బిగిస్తే అదంతా ఒక్కచోటే నిలిచి కాలు పోవచ్చు. కోయలేదు, పసరు పూయలేదు. వాపుకు బిగుసుకుంటుందని కాలి నల్లదారం తెంపేశాను. నడిస్తే కండ కదిలి విషం తొందరగా పైకి పాకుతుంది కాబట్టి, రెండు కట్టెపేళ్లు ఆసరాగా పెట్టి తువ్వాలుతో వదులుగా చుట్టించుకుని, 108 వచ్చేదాకా పడుకునే ఉన్నాను. పామును వెతకనివ్వలేదు. మన దగ్గర దొరికే విషం విరుగుడు మందు, యాంటీ వీనమ్, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే.

ముందు చేర్చిన చిన్న ఆసుపత్రిలో ఆ మందు ఒంటికి పడుతుందో లేదో చూస్తామని చర్మం మీద పరీక్ష పేరుతో అరగంట కూర్చోబెట్టారు. ఆ పరీక్షతో రియాక్షన్ వచ్చేదీ రానిదీ తెలియదు. ఆ అరగంట నాకు ఇప్పటికీ బాధే.

నగరంలో పెద్దాసుపత్రిలో చేసింది అసలు పరీక్ష, విషం వల్ల రక్తం గడ్డకట్టడం ఆగిందా అని చూసేది. కొత్త, పొడి గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టి, ఒక్కసారి వంచి చూస్తారు. గాజే కావాలి, ప్లాస్టిక్‌లో మంచి రక్తం కూడా సరిగా గడ్డకట్టదు. సబ్బుతో కడిగిన ట్యూబూ పనికిరాదు. నా రక్తం నీళ్లలా జారింది. అప్పటికే చిగుళ్ల నుంచి నెత్తురు.

పది సీసాల మందు సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించారు. పసిపిల్లలకైనా మోతాదు ఇంతే, ఎందుకంటే పాము వదిలే విషం మనిషి బరువు చూసి తగ్గదు. మధ్యలో మందు పడక ఒళ్లంతా దద్దుర్లు, వణుకు. మందు ఆపి తొడ కండకు అర మిల్లీగ్రాము అడ్రినలిన్ ఇచ్చి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టారు. ఆరు గంటలకు మళ్లీ గాజు ట్యూబు. గడ్డకట్టలేదు, ఇంకో పది సీసాలు. తర్వాతి పరీక్షకు కట్టింది.

కానీ పింజర దెబ్బ కిడ్నీల మీద తర్వాత కనిపిస్తుంది. మూత్రాన్ని గంటగంటకూ కొలిచారు. మూడో రోజుకు అది బాగా తగ్గి, కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో పెరిగి, నాలుగుసార్లు డయాలసిస్ పడింది. ఇంటికొచ్చాక పదో రోజు జ్వరం, కీళ్ల నొప్పులు, దురద. విషం తిరగబెట్టిందేమోనని ఇంట్లో ఏడ్చారు. అది గుర్రపు రక్తం నుంచి తీసే ఆ మందుకు ఒంటి ప్రతిస్పందన. స్టెరాయిడ్ మాత్రలతో తగ్గింది.

కట్లపాము అయితే ఈ గుర్తులేవీ ఉండవు. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రి కరుస్తుంది, నొప్పీ వాపూ దాదాపు కనబడవు. తెల్లారి కనురెప్పలు వాలినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే ఊపిరి మిషన్ ఉన్న చోటికి తీసుకెళ్లాలి.

కట్టెలు ఇప్పుడు ఇంటికి దూరంగా, నేలకు అడుగున్నర ఎత్తున దిమ్మల మీద ఉన్నాయి. ఎలుకలు చేరకుండా వడ్లు డబ్బాల్లో పోస్తున్నాం. పాము కనబడితే కర్ర పట్టం, పాముల్ని చంపకుండా పట్టుకెళ్లే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకు ఫోన్ చేస్తాం. క్రియాటినిన్ మామూలుకు వచ్చింది. సాయంత్రానికి చీలమండ మాత్రం ఇంకా కొంచెం ఉబ్బుతోంది.