నవమి పందిట్లో తోలుబొమ్మలాట

శ్రీరామనవమికి ఈసారి ఆర్కెస్ట్రా వద్దని మా కాలనీ పెద్దలు తోలుబొమ్మలాట పెట్టించారు. పిల్లలు కుదురుగా కూర్చుంటారా అని నాకు ఒకటే టెన్షన్. తీరా చూస్తే మధ్యలో లేచిపోయింది మా ఈడు మగాళ్లే, ఐపీఎల్ ఉందని!

పిల్లల్ని కట్టి పడేసింది మాత్రం రాముడు కాదు, మధ్యమధ్యలో వచ్చి నవ్వించే బంగారక్క, జుట్టు పోలిగాడు. సుందరకాండ మధ్యలో దూరి వాళ్లిద్దరూ తిట్టుకున్న తిట్లలో మా కాలనీ నీళ్ల ట్యాంకర్ గొడవ కూడా వచ్చేసింది. ఎవరు చెవిన వేశారో గానీ.

కాసేపు తెర వెనక్కి వెళ్లాను. అసలు ఆట అక్కడే ఉంది. ఒక పెద్దాయన రెండు చేతులతో రెండు బొమ్మల్ని ఆడిస్తూ, తనే పాట ఎత్తుకుంటూ, యుద్ధం వచ్చేసరికి కాళ్ల కింది చెక్కల్ని దబదబా తొక్కుతున్నారు. ఇవతల మనం విన్న ఉరుములన్నీ అవే. హనుమంతుడి బొమ్మ దాదాపు మనిషంత ఉంది. మేకతోలును పలచగా గీకి, నగలున్న చోటల్లా సన్నటి చిల్లులు కొడతారు. దీపం వెలుగు వాటిలోంచి వచ్చినప్పుడు వడ్డాణం నిజంగానే తళుక్కుమంటుంది.

ఈ ఆటగాళ్లది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గిపోయి, ఇప్పుడు అక్కడ చాలామంది అదే తోలుతో లాంప్‌షేడ్లు చేసి అమ్ముతున్నారు.

వచ్చే ఏడాది తెల్లవార్లూ ఆడాలని అడిగాం. "మేం రెడీ, మీరు మేలుకుని ఉంటారా?" అన్నారు తెర వెనక చూసిన ఆ పెద్దాయన.